మా నాన్నని దెయ్యం చెయ్యబోయారు

పోయిన ఎండాకాలం మా ఇంటికి దెయ్యం కావాలని మనుషులొచ్చారు. చేపలు కావాలని వస్తారు, ఓట్లు కావాలని వస్తారు, దెయ్యం కావాలని రావడం అదే మొదలు. ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి, భుజాల మీద కెమెరాలు. ఏదో టీవీ తరఫున పాత రేవుల్లో తిరిగే దెయ్యాల గురించి తీస్తున్నారట. "గోదీలో సుత్తి దెయ్యం సంగతి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఊళ్ళో చెప్పారమ్మా" అన్నాడు గడ్డం అబ్బాయి. కూర్చోమని చోడంబలి, అదే రాగి అంబలి, పోసి ఇచ్చాను. అమ్మాయి తాగింది. అబ్బాయిలిద్దరూ గ్లాసులోకి చూసిన చూపు ఉంది చూశారూ, వాళ్ళు వెతుకుతున్న దెయ్యం అందులోనే ఉందనుకున్నాను. తర్వాత కెమెరా నా మొహం మీద పెట్టి, "కొంచెం భయపడుతూ చెప్పండమ్మా" అన్నాడు. "నాకు భయం రాదు నాయనా. భయపడే వయసులో తీరిక లేకపోయింది" అన్నాను. రేపు మధ్యాహ్నం మళ్ళీ వస్తామని, అప్పటికి భయం తెచ్చుకొని ఉంచమని చెప్పి వెళ్ళారు.

ఆ రాత్రి భయం కోసం వెతికాను. దొరకలేదు. దొరికిందంతా ఎండునెత్తళ్ళ వాసన, గుగ్గిలం వాసన, మా అమ్మ చేతిగాజుల చప్పుడు. అందుకని వాళ్ళకి చెప్పబోయేదేదో ముందు నాకు నేనే చెప్పుకుందామని ఈ కాగితాలు ముందేసుకున్నాను. నాది మూడో తరగతి చదువు. ఆ తర్వాత చదివిందంతా చేపలు చుట్టే పేపర్లలోనే. కాబట్టి నా రాతలో అక్కడక్కడా నీచు వాసన వస్తే మీరే సర్దుకోవాలి.

మా ఊరు గోదీపేట. వంశధార సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, ఇసకదిబ్బకీ ఏటికీ మధ్య ఇరుక్కున్న ఊరు. గోదీ అంటే ఓడలు కట్టే, బాగుచేసే చోటు. కుంపినీ దొరల కాలంలో ఇక్కడ యుద్ధపు ఓడలు కట్టేవారట. నాకు ఊహ తెలిసేసరికి ఓడలూ లేవు, దొరలూ లేరు. ఓడల్ని నీళ్ళలోంచి పైకి లాగడానికి పరిచిన రాతిబండల వాలు మాత్రం ఉండేది. దాని పక్కన తాటిచెట్టంత లోతు గొయ్యి, తుప్పు పట్టిన లంగరు, చిల్లులు పడ్డ ఇనప బాయిలరు. దొరలు యుద్ధాలకని పరిచిన బండల మీద మా ఆడాళ్ళు నెత్తళ్ళు ఆరబెట్టుకునేవారు. ఇసకలో ఆరబెడితే తినేటప్పుడు పళ్ళ కింద కరకరలాడుతుంది. గోదీ బండల మీద ఆరిన చేపకి ఆ బాధ లేదు. ఆమదాలవలస సంతలో "గోదీ నెత్తళ్ళు" అంటే ఒక అర్ధణా ఎక్కువే పలికేది. కుంపినీ వాళ్ళు మా దేశానికి చేసిన మేలు ఏదైనా ఉందంటే అది ఆ బండలే అని మా అమ్మ అనేది.

దెయ్యాలకి గోదీలో ఏనాడూ కరువు లేదు. గోతిలో పడి చచ్చిన దొర ఒకడు, తల లేకుండా తిరిగేవాడు. తల లేనివాడు దొరో కాదో ఎలా తెలిసిందని నేనడిగితే "బూట్లున్నాయి గదే" అనేవారు. బాయిలర్లో ఒక బాలింత ఉండేది. లంగరు మీద కూర్చుని పీచు పేనే ముసలావిడ ఒకతె ఉండేది. ఈ దెయ్యాలన్నిటితో మావాళ్ళకి చుట్టరికమే. నెత్తళ్ళు బండల మీద పరిచేటప్పుడు ఒక గుప్పెడు లంగరు దగ్గర పెట్టి, "అప్పా, కాకుల్ని సూసుకో" అని ముసలిదెయ్యానికి అప్పజెప్పి వచ్చేవారు. సాయంత్రానికి కాకులు తిన్నంత తినేవి. "ముసిల్దానికి సూపు ఆనట్నేదు" అని నవ్వుకునేవారు. దెయ్యం అంటే మాకు ఇంట్లో పెద్దావిడలాంటిది. కొంచెం చాదస్తం, కొంచెం ఆకలి, అంతే. అది మనుషుల్ని పీక్కుతింటుందని నాకు తెలిసింది మా నాన్న పేరు దానికి పెట్టాకే.

మా నాన్న అప్పన్న. కలాపత్తు మేస్త్రి. పడవ చెక్కల సందుల్లో పీచు కూరి, ఉలి పెట్టి కొయ్యసుత్తితో దిగ్గొట్టి, పైన గుగ్గిలం నూనెలో కాచి పూస్తే చుక్క నీరు లోపలికి రాదు. ఆ పని కలాపత్తు. మా ఇంటికి మూడు తరాల పని అది. ఒక్కో మేస్త్రి సుత్తికి ఒక్కో దరువు. పడవకి అటుపక్క కూర్చున్నవాడు కనిపించడు, దరువుని బట్టే వాడెవడో, ఎంతవరకు వచ్చాడో ఇటుపక్క వాడికి తెలియాలి. మా తాత తన కొడుకులిద్దరికీ ఒకే దరువు నేర్పాడు: టక్ టక్, టంగ్. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. మా పెదనాన్న సూరన్న అచ్చం అలాగే కొట్టేవాడు. మా నాన్న మాత్రం పొడుగు దెబ్బ తర్వాత ఆగి, నోట్లో పొగాకు ఒక పక్కకి తుపుక్కున ఉమ్మి, అప్పుడు మళ్ళీ మొదలెట్టేవాడు. టక్ టక్, టంగ్, తుపుక్. ఆ నాలుగోది వినపడకపోతే మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తల బయటపెట్టి "పొగాకయిపోనాదేటి?" అని అరిచేది. మా ఇంట్లో సంసారం సాగుతున్నదనడానికి అదే గుర్తు.

పడవలు తక్కువై, నోళ్ళు ఎక్కువయ్యాక నాన్న రంగం వెళ్ళాడు. రంగూన్ని మావాళ్ళు రంగం అనేవారు. ఇంటికొకడైనా రంగంలో ఉండేవాడు, రేవుల్లోనో మిల్లుల్లోనో. వెళ్ళేటప్పుడు అమ్మకి ఎర్రగాజులు రెండు డజన్లు తెచ్చి, "ఇవి పగిలేలోగా వచ్చేస్తాను" అన్నాడు. మా అమ్మ పైడమ్మ చేతులు నిమిషం ఊరుకునేవి కావు. గంప ఎత్తడం, దించడం, పిడకలు చరచడం, నన్ను చరచడం. ఆ మాట విన్న రోజునుంచి ఆవిడ ప్రతి పనీ మోచేతులతో చేసినట్టు చేసేది.

తర్వాత యుద్ధం వచ్చింది. జపానువాడు రంగం మీద బాంబులేశాడన్నారు. అక్కడివాళ్ళు అడవుల్లో పడి నడిచొస్తున్నారన్నారు. ఆమదాలవలసలో రైలు దిగే ఎముకల గూళ్ళని చూడటానికి ఊళ్ళకి ఊళ్ళు వెళ్ళేవి. పక్కూరి మనిషి ఒకడు అలా వచ్చాడు. "బాంబులు పడిన్రోజు పొద్దుట రేవులో అప్పన్నని సూసినాను, మాపటికి నాను పరిగెట్టినాను, మరి తెల్దు" అన్నాడు. మా అమ్మ అతనికి అన్నం పెట్టి, పొద్దుటి మాటే మళ్ళీ మళ్ళీ అడిగింది. ఏ చొక్కా తొడుక్కున్నాడు, నోట్లో పొగాకుందా. ఉందన్నాడు. చాలన్నది అమ్మ.

విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాక మా గోదీకి ఎక్కడలేని గౌరవం వచ్చింది. నేవీ వాళ్ళు కాకీ బట్టలేసుకుని దిగారు. మోటారు పడవలు బాగుచేయడానికి బండల వాలు పక్కన పెద్ద పాక వేశారు. తాటాకుతో కాదు, మెరిసే రేకుల్తో. మా చుట్టుపక్కల రేకు కప్పు అదే మొదటిది. ఊరంతా తాటాకే, తాటాకు నోరెత్తదు. ఆ పాకలో కొన్నాళ్ళు యంత్రాల మోత, అరుపులు, పాటలు. మా పెదనాన్నకీ అక్కడ పని దొరికింది. అకస్మాత్తుగా ఒకరోజు ఎక్కడినుంచో కబురు రావడం, వాళ్ళు పడవలతో సహా వెళ్ళిపోవడం జరిగింది. మిగిలింది రేకుల పాక, దానికి ఒక కాపలావాడు. ఏ దేశం వాడో, భాష తెలియదు. ఒక పొట్లం నెత్తళ్ళు ఇస్తే చాలు, గేటూ మనదే, వాడూ మనవాడే. మేము మళ్ళీ బండల మీద చేపలు పరుచుకున్నాం.

మోత ఆగిపోయాక వినపడింది అది. మిట్టమధ్యాహ్నం, ఆడాళ్ళు చేపలు తిరగేస్తుండగా, ఎవరూ లేని పాకలోంచి. టక్ టక్... టంగ్. కాసేపాగి మళ్ళీ, టక్ టక్, టంగ్. మరొక ఊళ్ళో అయితే ఎలకో పిల్లో అనుకునేవారు. మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడి చెవీ కలాపత్తు వింటూ పెరిగింది. ఆడాళ్ళు గంపలు వదిలేసి పరిగెత్తారు. మర్నాడు మా పెదనాన్న వెళ్ళి పాక గుమ్మంలో నిలబడి విన్నాడు. తాను కొడితే ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆ దరువు తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకడు గుమ్మంలో ఉన్నాడు. "ఒరే తమ్మా!" అని అక్కడే కూలబడిపోయాడు. నలుగురు పట్టి ఇంటికి తెచ్చారు.

ఊరికి దెయ్యం దొరికింది, దానికి పేరూ దొరికింది. నేను ఎక్కడికి వెళ్ళినా మాటలు ఆగిపోయేవి. బడిలో పంతులు గారికి మధ్యాహ్నం కునుకు అలవాటు. నేను పక్కపిల్లని నవ్వించానని లేచి, "తండ్రి పోయిన పిల్లవి, కాస్త అణిగి ఉండవే" అన్నారు. "పోయినోడు రోజూ మజ్జాన్నం పని సేత్తన్నాడంట పంతులూ, బతికున్న తవరే నిద్దరోతన్నారు" అన్నాను. బెత్తం విరిగేదాకా కొట్టి, పలక బయటికి విసిరేశారు. పలక వెనకే నేనూ వెళ్ళిపోయాను. ఇంటికెళ్ళి చెబితే అమ్మ వీపు మీద పసుపు రాస్తూ, "ఏటన్నావో మళ్ళీ అను" అంది. అన్నాను. నవ్వింది. నవ్వి, "రేపట్నుంచి గంప ఎత్తు" అంది. నా చదువు సంధ్యలు అక్కడితో సమాప్తం.

నవ్వులాట ఎంతోకాలం సాగలేదు. ఆ ఏడు సముద్రం మొహం తిప్పుకుంది. వలలు ఖాళీగా వచ్చేవి. మా దిక్కుల్లో భూతవైద్యం చేసేవాణ్ణి ఎజ్జోడంటారు. ఎజ్జోణ్ణి పిలిచారు. వాడు వేపమండలు పట్టుకుని ఊగి ఊగి చెప్పిందేమిటంటే, అప్పన్న పరాయి దేశంలో చచ్చి, దారి వెతుక్కుంటూ సొంత గోదీకి వచ్చాడు, పెళ్ళాం గాజులు తీయలేదు గనక వాడికి ముద్ద అందటం లేదు, ఆకలి మీద చేపల్ని తరిమేస్తున్నాడు. అమావాస్య మధ్యాహ్నం పాక ముందే కోడిని కోసి, పైడమ్మ గాజులు పగలగొట్టి, బొట్టు తీయాలి. అప్పుడు గానీ దెయ్యం కదలదు, వలలో చేప పడదు.

గాజులు పగిలితే ఒక్క గాజులే పగలవు. మా పేటలో తెల్లవారి పడవలు ఒడ్డుకొచ్చేటప్పుడు ముండమోసిన మనిషి ఎదురు రాకూడదు. ఎదురు రాకపోతే ముందు గంప దక్కదు, ముందు గంప దక్కకపోతే మిగిలిన ముక్కా చెక్కా తప్ప అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. ఆ తర్వాత బావగారి చూరు కింద ఒక మూల. ఇదంతా అమ్మకి తెలుసు, పెదనాన్నకీ తెలుసు. ఆయన చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. మా గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటూ, "మరదలా, నా తమ్ముడు ఆకలితో అల్లాడతన్నాడు. నాను ఇనలేకపోతన్నాను. ఆడికి ముద్దెయ్యనీ. నిన్నూ గుంటనీ నా కడుపులో పెట్టుకుంటాను" అన్నాడు. అమ్మ ఏనాడూ ఆయన ఎదుట గొంతెత్తలేదు. తలుపు చాటునుంచే అడిగింది. "నీ సెవులతో ఇన్నావా బావా?" "ఇన్నాను." "సరే. నానూ ఇంటాను."

అప్పట్నుంచి ప్రతి మధ్యాహ్నం అమ్మ ఒక్కతే పాకలో కూర్చునేది. చేపలు ఆరబెట్టడానికి కూడా ఎవరూ రాని చోట. మొదటిరోజు ఇంటికి వచ్చేసరికి మొహంలో నెత్తురు లేదు. నన్ను దగ్గరికి లాక్కుని, "అలాగే ఉన్నాదే" అంది. ఆ రాత్రి ఇంట్లో వంట లేదు. ఆ తర్వాత్తర్వాత మొహం మారుతూ వచ్చింది. ఒకరోజు మబ్బు పట్టింది. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని అంబలి తాగి, చుట్ట వెలిగించి, వెలిగిన కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ చాలాసేపు గోడకేసి చూసి, "ఓలే ముత్యాలూ, మీ నాన కాదే" అంది.

"ఎలాగ తెలిసినాదే?"

"ఉమ్మడు."

నాకు నవ్వొచ్చింది. అమ్మకి రాలేదు. "ఇన్నాళ్ళూ ఇన్నాను. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది, కాసేపాగతాది, నాను సెవులొగ్గి కూకుంటాను, నాలుగోది రాదు. మీ నాన పొగాకు నేకుండా సుత్తి పట్టడు. ఇయ్యాల మబ్బేసినాది గదా, అసలు కొట్టనే నేదు. మీ నాన మబ్బుకి పని మానేసే మనిసేటి? మబ్బు తీసేసినాక మళ్ళీ మొదలెట్టినాది. రేకు ముట్టుకున్నాను, సెయ్యి బొబ్బెక్కింది. ఆ రేకేనే. ఎండకి సాగతన్నాది, నీడకి ముడుసుకుంటన్నాది. అట్లపెనం పొయ్యి మీదెడితే టిక్కుమనదేటి? అదే."

"అయితే ఎల్లి సెప్పెయ్!"

"సెప్తే ఇంటారేటి? ఏడుపు మీదున్నోళ్ళు. సూపించాల." నా వంక చూసింది. "నువ్వు సెట్లెక్కుతావు గదా."

అమావాస్య మధ్యాహ్నం ఊరంతా గోదీ గేటు దగ్గర చేరింది. కాపలావాడికి ఏం జరుగుతోందో తెలియక, పండగనుకుని మీసం దువ్వుకుని నిలబడ్డాడు. ఎజ్జోడు ముగ్గేశాడు. కోడి ఒకటి కాళ్ళు కట్టి ఉంది. పక్కన గాజులు పగలగొట్టడానికి ఒక నున్నటి రాయి. పెదనాన్న ఆ రాయికేసి చూడకుండా నిలబడ్డాడు. అమ్మ అందరికంటే ముందే వచ్చి పాక లోపల, సరిగ్గా మధ్యన కూర్చుని ఉంది. తలకి కొబ్బరినూనె, రూపాయి కాసంత బొట్టు, ముంజేతుల నిండా ఎర్రగాజులు, నోట్లో అడ్డపొగ. బావగారి ఎదుట చుట్ట కాల్చడం అదే మొదటిసారి. ఊరు నోరెళ్ళబెట్టింది.

టక్ టక్, టంగ్.

"ఇన్నారా, ఇన్నారా!" అని ఎజ్జోడు గంతేశాడు. "పిలుస్తున్నాడు! రాయే పైడమ్మా!"

"పిలిస్తే నా పేరు పిలవాల గదా, రేకు కొట్టడమేటి?" అంది అమ్మ కూర్చున్న చోటునుంచే. "నా మొగుడు నన్ను పిలవాలంటే తుపుక్కుమంటాడు. ఎవులైనా ఇన్నారా, సెప్పండి."

ఎవరో ఆడమనిషి పక్కున నవ్వి నోరు మూసుకుంది.

"దెయ్యానికి ఉమ్ము ఉండదు!" అన్నాడు ఎజ్జోడు.

"ఉమ్ము నేనోడు మా ఆయన కాడు. ఓలే ముత్యాలూ!"

నేను పాక వెనక పేర్చిన పాతదుంగల మీద ఉన్నాను, చంకలో సముద్రపు నీళ్ళ కుండతో. రేకు మీదకి ఎక్కాను. మిట్టమధ్యాహ్నం ఎండలో కాగిన రేకు. అరికాళ్ళు చుర్రుమన్నాయి. ఏడుపు వచ్చింది, ఏడిస్తే నవ్వుతారని మింగేశాను. కుండ ఎత్తి కుమ్మరించాను. చుయ్యిమని ఆవిరి లేచింది. దాంతో పాటు పాక మొత్తం ఒకేసారి టకటకటకా టంగుటంగున మోగిపోయింది, ఊరి మేస్త్రులందరూ కలిసి ఒకే పడవకి కలాపత్తు చేస్తున్నట్టు. కింద ఎజ్జోడు వేపమండలు పడేసి ముగ్గు తొక్కుకుంటూ పరిగెత్తాడు. పైన నేనూ గంతులేస్తున్నాను, కాళ్ళు కాలి. కోడి కూడా కట్లు తెంపుకుని పోయింది. ఆ రోజు బతికిపోయిన ప్రాణాల్లో అదొకటి.

"ఏ దరువు గావాల పెదనానా?" అని పైనుంచి అరిచాను. "ఇంకో కుండ ఉన్నాది!"

నా మాటకి ఎవరూ నవ్వలేదు. పెదనాన్న రేకుల పాకలోకి నడిచి వచ్చాడు. తలెత్తి పైకి చూశాడు. నీళ్ళు ఆరిపోయి, ఎండ మళ్ళీ పట్టి, రేకు మళ్ళీ నెమ్మదిగా అందుకుంది. టక్ టక్, టంగ్. ఆయన మొహంలో ఏదో కూలిపోవడం పై సందులోంచి నాకు కనిపించింది. "అయితే ఇన్నాళ్ళూ నాను రేకుకా ఏడ్సినాను?" అన్నాడు.

అమ్మ చుట్ట ఆర్పేసింది. "రేకుకి కాదు బావా. నీ ఏడుపు నీ తమ్ముడిదే. ఆడొచ్చినాక సెప్తాను, మీ అన్న ఇంత ఏడ్సినాడని."

అప్పుడు గేటు దగ్గర్నుంచి ఎవరో పెద్దమనిషి అన్నాడు, రేకు సంగతి సరే, అప్పన్న బతికి ఉన్నాడని మాత్రం ఏమిటి రుజువని. అమ్మ లేచి, చీర దులుపుకుని, నున్నటి రాయి ఉన్న చోటికి వచ్చి నిలబడింది. రెండు చేతులూ ముందుకు చాచింది. "సచ్చినాడని కళ్ళతో సూసినోళ్ళెవులో రండి. వచ్చి మీరే పగలగొట్టండి. సూడనోళ్ళు నా గాజుల జోలికి రాకండి." ఎవరూ కదల్లేదు. ఆ రాయిని అమ్మ గంపలో వేసుకుని ఇంటికి తెచ్చింది. జీవితమంతా దాని మీద చింతపండూ ఎండుమిరపకాయలూ నూరింది. అంత రుచిగల పచ్చడి మళ్ళీ నేను తినలేదు.

మర్నాడు తెల్లవారి పడవలకి అందరికంటే ముందు అమ్మే ఎదురెళ్ళింది. చేప అప్పుడే పడలేదు. చాలా రోజులకి, దాని తీరిక చూసుకుని అది వచ్చింది. ఊళ్ళో దెయ్యం కథ చచ్చిందా అంటే, చావలేదు. రేకుని అప్పన్న దెయ్యమే వాయిస్తోందనే వాళ్ళు మిగిలారు. వాళ్ళతో అమ్మ వాదించలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే, "ఉమ్మినాడేటి?" అని అడిగేది. అంతే.

యుద్ధం అయిపోయాక పాక ఊడదీసి రేకులు వేలం వేశారు. మా పెదనాన్న వెళ్ళి ఒకే ఒక్క రేకు తెచ్చుకున్నాడు. ఇంటికి చాలదు, పశువుల శాలకీ చాలదు. గుమ్మం ముందు నాలుగు గుంజలు పాతి దాని మీద కప్పాడు. మధ్యాహ్నం అన్నం తిని దాని కింద కూర్చునేవాడు. టక్ టక్, టంగ్ అనగానే, "ఏరా తమ్మా, తిన్నావా?" అనేవాడు. అది రేకని ఆయనకి బాగా తెలుసు. ఒకసారి నేను ఎగతాళి చేయబోతే, "నాకు తెల్దేటే గుంటా? తెలిసే మాటాడతన్నాను. తెలవకపోతే బయమేసీది, తెలిసింది గనక బాగున్నాది" అన్నాడు. నాకు తెలిసిన ఆస్తిపంపకాలన్నిటిలో గొడవ రానిది ఆ రేకు ఒక్కటే. ఆయన పోయాక అది నాకొచ్చింది. ఇప్పుడు మా కోళ్ళగూడు మీద ఉంది, సగం తుప్పు, సగం రేకు.

నాన్న రాలేదు. ఎర్రగాజులు ఒకటొకటిగా చిట్లాయి. చిట్లిన ప్రతిసారీ అమ్మ అలాంటిదే వెతికి తెచ్చి వేసుకునేది. "పగిలేలోగా వస్తానన్నాడు గదా, పగలనియ్యకూడదు" అనేది. నా పెళ్ళిలో మంగళహారతికి ముందు నిలబడింది. వెనక గుసగుసలాడారు, ఆడనిచ్చింది. నా మనవరాలి పెళ్ళిలోనూ అలాగే నిలబడింది, అప్పటికి వీపు వంగి గాజులు మోకాళ్ళకి తగిలేవి. ఆవిడ పోయినప్పుడు పెద్దముత్తయిదువలు చేరి, ఏ లెక్కన సాగనంపాలి, గాజులు ఉంచాలా తీయాలా అని చర్చ మొదలెట్టారు. నేను లోపలికెళ్ళి పచ్చడిరాయి తెచ్చి వాళ్ళ మధ్యలో పెట్టాను. కథ తెలిసినవాళ్ళు లేచి వెళ్ళి పసుపు తెచ్చారు. తెలియనివాళ్ళు వాళ్ళని చూసి లేచారు. చేతుల నిండా కొత్త ఎర్రగాజులతో వెళ్ళింది మా అమ్మ, మొగుడు ఎదురొస్తాడన్నట్టు.

అప్పట్లో గోదీకి ఆడాళ్ళు చేపల గంపలతో వచ్చేవారు, ఇప్పుడు బయటూళ్ళ వాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని ఫోటోలకి వస్తున్నారు. బండల చుట్టూ గొలుసు కట్టి, చేపలు ఆరబెట్టరాదని బోర్డు పెట్టారు. మా చేపలు మళ్ళీ ఇసకలోకి వచ్చాయి. ఆనాటి దెయ్యాలకి గుప్పెడు నెత్తళ్ళు పెడితే సరిపోయేది. ఈనాటి వాటికి సాయంత్రం దీపాలు, పాటలు, పేరు రాసిన టోపీలు. ఆనాడు దెయ్యం ఒకామె బతుకు తీసెయ్యడానికి పనికొచ్చింది, ఈనాడు కొందరికి బతుకు ఇవ్వడానికి పనికొస్తోంది. మెరుగే అనుకోవాలి. కానీ ఎవరి పేరు పెట్టి అమ్ముకుంటున్నారో ఒకసారి అడగాలా వద్దా?

మర్నాడు మధ్యాహ్నం చెప్పినట్టే టీవీ పిల్లలు వచ్చారు. నన్ను కోళ్ళగూడు పక్కన పీట వేసి కూర్చోబెట్టి కెమెరా సర్దుతున్నారు. ఎండ చురచురలాడుతోంది. ఇంతలో గూటి పైనుంచి, టక్ టక్, టంగ్. గడ్డం అబ్బాయి ఎగిరి వెనక్కి పడ్డంత పనయింది. అంబలి తాగిన అమ్మాయి పైకి చూసి, రేకుని చూసి, నన్ను చూసి, నవ్వు దాచుకుంది. తెలివైన పిల్ల.

"అమ్మా, అదేనా? అప్పన్న దెయ్యం అదేనా? అప్పన్న అనే పేరుతోనే చెప్పండి, బాగుంటుంది" అన్నాడు అబ్బాయి, గొంతు తగ్గించి, కళ్ళు మెరిపించి.

కెమెరాలో ఎర్రదీపం వెలిగింది. నేను చీర సర్దుకుని, మా అమ్మలాగే రెండు చేతులూ ముందుకు చాచి, గాజులు కనపడేలా పెట్టుకుని చెప్పాను. వాళ్ళు దాన్ని టీవీలో వేయలేదట, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

"దెయ్యం అవ్వాలంటే ముందు మనిసి సచ్చిపోవాల నాయనా. మా నాన సచ్చిపోనేదు. ఇంకా రానేదు, అంతే."